తాకని చెయ్యి

ఇలా రండి, ఆ కుర్చీ పొయ్యి దగ్గరికి లాక్కోండి. తలుపు మాత్రం పూర్తిగా వెయ్యకండి, కాస్త సందు ఉండనివ్వండి. ఈ సంగతి చెప్పేటప్పుడు మూసిన తలుపు నాకు పడదు. మా పక్కింటి ఇమెల్డాకి జరిగింది ఇది. పక్కిల్లంటే మధ్యలో రెండు పచ్చిక బీళ్ళూ ఓ బురద దారీ ఉన్నాయనుకోండి, అయినా ఆమె పొయ్యి రాజేస్తే పొగ నా కిటికీలోంచి కనపడేది. ఆమె ఊళ్ళో లేనన్నాళ్ళూ ఆమె కోళ్ళని మా పెరట్లో ఉంచుకుని గింజలు వేసింది నేనే. ఇందులో కొంత నా కళ్ళతో చూశాను. మిగతాది ఆమే నా వంటింట్లో కూర్చుని, కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని, నెమ్మది నెమ్మదిగా చెప్పింది.

ఆమె భర్త లోర్కన్ పోయినప్పుడు మా వైపు అందరికీ చేసినట్టే చేశారు. ముందుగదిలో శవపెట్టె మూత తీసి పడుకోబెట్టారు, వేళ్ళకి జపమాల చుట్టారు, అద్దానికి గుడ్డ కప్పారు, గోడ గడియారం ఆపారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు లోపలికి వెళ్ళి, ఆ చేతిని ఒకసారి తాకి, ఒక ప్రార్థన చెప్పుకుని, వంటింట్లోకొచ్చి టీ తాగారు. చిన్నపిల్లల్ని ఎత్తుకుని మరీ తాకించారు. తాకితే పోయినవాళ్ళు శాంతంగా వెళ్ళిపోతారు, తాకనివాళ్ళని వదలకుండా పట్టుకుంటారు. ఇది మా అమ్మమ్మ నాతో అంది, వాళ్ళ అమ్మమ్మ ఆమెతో అందట.

జాగారం జరిగినంతసేపూ ఇమెల్డా కెటిల్ దించలేదు. రొట్టె కోసింది, వెన్న రాసింది, కడిగిన కప్పులే మళ్ళీ కడిగింది. ఎవరైనా "నువ్వు కాసేపు లోపల కూర్చోమ్మా, నేను చూస్తానుగా" అంటే, "కెటిల్ మోగుతోందండీ, వస్తా" అనేది. ఇంటివాళ్ళ తరఫున పెట్టె తల దగ్గర నిలబడింది లోర్కన్ అక్క అట్రాక్టా. డబ్లిన్‌లో ఉంటుందామె. నల్ల టోపీ, నల్ల కోటు, నల్లతోలు గ్లౌజులు, రాణిగారిలా నిటారుగా నిలబడి వచ్చినవాళ్ళందరికీ తల ఊపింది. మూత వెయ్యబోయే ముందు భార్యని పిలిచారు. భార్య పెరట్లో బొగ్గుల బుట్ట నింపుతోంది. "మసి చేతులు, కడుక్కుని వస్తా" అంది. ఆ చేతులు ఎంతసేపు కడిగిందంటే, ఈలోగా మేకులు బిగించేశారు.

దుఃఖాన్ని లోపలే అణచుకుంది, గట్టి మనిషి అనుకున్నాం మేమంతా. అట్రాక్టా మాత్రం అలా అనుకోలేదు.

సమాధి చేసి వచ్చాక ఇమెల్డా ఆ ముందుగదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుంది. వంటింట్లో కుర్చీలోనే పడుకోవడం మొదలుపెట్టింది, దీపం ఆర్పకుండా. లోర్కన్ గడియ తీసే తీరు వేరు. ముందు కొంచెం ఎత్తి, వదిలి, మళ్ళీ ఎత్తేవాడు, టక్, టక్ అని. గాలి వీస్తే గడియ కదిలేది. మామూలుగా ఒకసారే కదిలేది. ఆ రెండోసారి మోగుతుందేమోనని ఆమె ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఆయన పోయి నెలయిందని చర్చిలో చేయించే నెల పూజ ఆదివారం పెట్టుకున్నారు. అంతవరకూ నా దగ్గరుండు అని అట్రాక్టా తనతో డబ్లిన్ తీసుకెళ్ళింది. పూజ అయ్యాక ఊరంతా ఇంటికొస్తుంది, ఆ గది తెరవాలి, కొవ్వొత్తి వెలిగించాలి, ఫాదర్‌ని ఆ గదిలోనే కూర్చోబెట్టాలి. ఇమెల్డా తలుచుకుని వణికింది దీనికే. కన్నీళ్ళకి కాదు, ఆ తాళానికి.

శుక్రవారం పొద్దున్న అట్రాక్టా వంటింట్లో ఇద్దరూ కూర్చున్నారు. బయట సన్నగా వాన.

"రాత్రంతా మీ గదిలో రేడియో మోగుతూనే ఉంది వదినా," అంది ఇమెల్డా.

"మోగితే ఏం? వాతావరణం చెబుతారు. నువ్వు నిద్రపోతే వినపడేది కాదుగా."

"సముద్రం మీద గాలులట. మీకేమైనా పడవ ఉందా?"

"ఉంటే నిన్నెక్కించి పంపేదాన్ని." అట్రాక్టా పెనంలో పంది మాంసం ముక్కని తిరగేసింది. "ఆదివారం సంగతి ఏం చేశావ్? ఆ గది తాళంచెవి ఏదీ?"

ఇమెల్డా చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్ళింది.

"నాకివ్వు. శనివారం ముందుగా వెళ్ళి దుమ్ము దులుపుతాను."

"నేను దులుపుతాలెండి."

"నువ్వా?" అట్రాక్టా పెనం దించి ఆమె వైపు తిరిగింది. "నా తమ్ముడు ఆ గదిలో పడుకునుంటే నువ్వు గడప దాటలేదు. ఊరంతా వచ్చి పక్కన కూర్చుంది. పాలవాడు కూర్చున్నాడు. రోడ్డేసేవాళ్ళు పలుగులు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నారు. నువ్వో?"

"టీ ఎవరు పెడతారు వదినా?"

"టీ!" అంది అట్రాక్టా. తర్వాత గొంతు తగ్గించి, అందుకే ఇంకా గట్టిగా తగిలేలా అంది: "పీడ వదిలిందనుకున్నావేమోలే. నీ కంట్లో తడి నేనైతే చూడలేదు."

ఇమెల్డా కంచంలో రొట్టెని తునకలు చేసింది. కాదు అనడానికి నోట్లో మాట ఉంది. కానీ ఆ మాట చెప్పాలంటే దాని వెనకున్నదీ చెప్పాలి. ఇన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనిషంటే భయమేసింది, ఆ చెయ్యి చల్లగా ఉంటుందని భయమేసింది, అని అతని అక్కకి ఎలా చెబుతారు? పనికిమాలిన భార్య అనిపించుకోవడమే నయమనిపించింది.

అట్రాక్టా తను అన్నది ఎక్కువైందనుకుందో ఏమో, గిన్నెలు కడిగేసి కోటు తీసుకుంది. "లే, ముసుగేసుకుని కూర్చోకు. సెయింట్ ఓడ్రన్ చర్చి చూపిస్తా పద. పల్లెటూళ్ళ నుంచి బస్సులు కట్టుకొచ్చి మరీ చూసిపోతారు, నువ్వు చూడలేదంటే నాకు నామోషీ."

"అక్కడ ఏముంది?"

"కింద మాళిగల్లో పాతకాలం వాళ్ళున్నారు. కుళ్ళలేదు. ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఎండిపోయారు. బతికున్నవాళ్ళతో ఎలాగూ మాట్లాడవు, వాళ్ళతోనైనా కుదురుతుందేమో చూద్దాం."

రానని చెప్పడానికి ఒక కారణం కావాలి. ఇమెల్డాకి ఏ కారణమూ తోచలేదు. పొయ్యి మీద కెటిల్ కూడా లేదు.

చర్చి పక్కన గడ్డిలో రెండు ఇనప రెక్కల తలుపు నేలకి ఆనించినట్టుగా ఉంది, మా ఊరి సారా దుకాణం ముందు పీపాలు దించే తలుపులాంటిది. గైడు పేరు మలాకీ. పొట్టిమనిషి, జలుబు ముక్కు, మోచేతంత తాళంచెవి. ఒక రెక్క ఎత్తి గొలుసుకి తగిలించి, రెండోది కాలితో తన్నాడు.

"తల వంచండి అందరూ. ఇక్కడ తల వంచననే పెద్దమనుషులకి నుదుటికి ప్లాస్టర్ వేసేది నేనే. మెట్లు నిటారుగా ఉంటాయి, వెనక్కి తిరిగి దిగండి. కిందున్నవాళ్ళ గురించి బెంగపడకండి, ఇన్నేళ్ళలో ఒక్కరూ నా మీద ఫిర్యాదు చెయ్యలేదు."

జనం నవ్వారు. పదిమందిదాకా ఉన్నారు, సగం పరదేశీలు. పసుపుపచ్చ వానకోటు వేసుకున్న ఒకాయన చాక్లెట్ చప్పరిస్తూ అన్నింటికీ ఫోటోలు తీస్తున్నాడు. ఇమెల్డా అందరికన్నా చివర దిగింది. ఒక్కో మెట్టుకీ వెలుతురు తగ్గుతోంది. కిందకి వెళ్ళాక ముందుగా ఆశ్చర్యపడింది: అక్కడ చెమ్మ లేదు. బయట అంత వానలోనూ కింద గాలి పొడిగా, కాస్త వెచ్చగా, పాత గుర్రపు జీను వాసన వేస్తోంది. కుళ్ళు వాసనకైతే ఆమె సిద్ధపడే వచ్చింది. ఈ వాసన ఆమెని మరీ కంగారుపెట్టింది, ఎందుకంటే అది లోర్కన్ జీనూ పట్టీలూ తెచ్చి పొయ్యి పక్కన ఆరేసే వాళ్ళింట్లో వాసనే.

సన్నటి దారి, ఇరుపక్కలా ఇనప కటకటాల గదులు. పైనుంచి బూజు తడిబట్టల్లా వేలాడుతోంది. ఒక గదిలో పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కిందవి పైవాటి బరువుకి పక్కలు పగిలి ఒరిగిపోయాయి. ఒక పగులులోంచి పాదం బయటికొచ్చి ఉంది. ఇమెల్డా చూపు తిప్పుకుంది. తిప్పుకున్న వైపు ఇంకోటి ఉంది.

చివరి గది కటకటాలు తీసే ఉన్నాయి. అందులో మూతల్లేని పెట్టెలు రెండు, బల్ల మీద పక్కపక్కనే.

"ఈయన్ని పొడుగాయన అంటాం," అన్నాడు మలాకీ. "ఓడ సరంగంటారు కొందరు, దొంగంటారు కొందరు. అడిగితే చెప్పడు. పక్కనున్నావిడ ఎవరో అస్సలు తెలీదు, మనిషి ఇంతే, చిన్నది. ఇప్పుడు అసలు సంగతి. ఈయన వేలు తాకితే అదృష్టం. మొన్న ఒకావిడ తాకి వెళ్ళింది, ఆ రోజు నుంచీ ఆవిడకి మొగుడి గురక వినపడలేదు."

"పోయాడా ఏంటి?" అంది అట్రాక్టా.

"లేదమ్మా, పక్కగదిలో పడుకున్నాడు."

అందరికన్నా గట్టిగా నవ్వింది అట్రాక్టాయే. నవ్వుతూనే ముందుకొచ్చి, నల్లటి వేలు చాపి, ఆ గోధుమరంగు వేలిని టక్కున తాకి, "అయిపోయింది, దీనికేనా ఇంత హడావిడి?" అంది. ఆమె వెనక వరస కట్టారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. ఇమెల్డా ముందు వరస తగ్గుతోంది. ఆమె చెవుల్లో గాలి మోత మొదలైంది. గోడ ముందుకి పొడుచుకొచ్చిన చోట పారలూ చీపుళ్ళూ నిలబెట్టిన సందొకటి ఉంది. ఎవరూ చూడకుండా ఆ సందులోకి జరిగింది. మేకు బిగించే రోజు పెరట్లోకి జరిగినట్టే.

అక్కడి నుంచి చూసింది. పసుపు కోటాయన పొడుగాయన వేలు తాకాడు, తర్వాత ఆయన మీదుగా వంగి చిన్నావిడ మొహాన్ని దగ్గర్నుంచి ఫోటో తీశాడు. తీస్తూ నోట్లో ఇంకో చాక్లెట్ వేసుకున్నాడు. కాగితం చేతిలోంచి జారి ఆవిడ గుండెల మీద పడింది. మెరిసే ఎర్ర కాగితం. ఆయన చూశాడు. తియ్యలేదు.

మలాకీ మొహం తిప్పుకుని మెట్ల గురించి ఏదో చెబుతున్నాడు. జనం కదిలారు. అందరూ వెళ్ళాక తోకలా బయటపడదామనుకుంది ఇమెల్డా. కాళ్ళు కదలలేదు. పారల మధ్య నిలబడి, రా రా అని తన కాళ్ళనే బతిమాలుకుంటుండగా, పైనుంచి మలాకీ గొంతు వినపడింది: "మీతో వచ్చినావిడ పైకి వచ్చేసిందా అమ్మా? నేను సూప్ తాగడానికి పోతున్నాను, మళ్ళీ భోజనాలయ్యాకే తీస్తా."

దానికి అట్రాక్టా జవాబు: "మా మరదలా? ఎప్పుడో పరిగెత్తి ఉంటుంది. పోయినవాళ్ళ దగ్గర నిలబడడం దాని ఒంట్లో లేదు. వేసెయ్యండి తలుపు."

దీపాలు ఆరిపోయాయి. ఇనప రెక్కలు ఒకటీ, రెండూ పడ్డాయి.

ఇమెల్డా నాతో చెప్పింది, చీకటి నల్లగా ఉంటుందని మనం ఊరికే అంటామట. అది నలుపు కూడా కాదట. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే అయినప్పుడు, తను నిలబడి ఉందో పడుకుని ఉందో కూడా తెలియలేదట. పడుకుని ఉన్నాననే అనిపించిందట ఒక్క క్షణం. పెట్టెలో.

"వదినా!" అంది. రెండోసారి అరిచింది. అరుపు నోటి దగ్గరే రాలిపోయినట్టుంది. ఆ గోడలు మాటని తిరిగి ఇవ్వవు. చేతులు ముందుకి చాపి నడవడానికి భయం, ఏది తగులుతుందోనని. చాపకుండా నడవడానికీ భయం. చివరికి వీపు గోడకి ఆనించి, పక్కపక్కకి జరుగుతూ, బూజు మొహానికి చుట్టుకుంటుంటే ఉమ్ముతూ, మెట్లు దొరికేదాకా వెళ్ళింది. చేతుల మీద పాకింది. పైమెట్టు మీద కూర్చుని పిడికిళ్ళతో ఇనుముని బాదింది. రెండు రెక్కల మధ్య వెంట్రుకంత వెలుగు గీత ఉంది. బయట బస్సొకటి బ్రేకు వేసింది. ఎవరో నవ్వుకుంటూ పోయారు. ఎవరూ రాలేదు.

భోజనాలయ్యాక తీస్తారు. అంతే కదా, అనుకుంది. ఆ వెలుగు గీత మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంటే గడిచిపోతుంది. అలా కూర్చునే ఉంది.

అప్పుడు కింద చప్పుడైంది.

చాలా చిన్న చప్పుడు. ఎండు చేతివేళ్ళు రెండు ఒకదానికొకటి రాసుకున్నట్టు. ఆగింది. ఇమెల్డా ఊపిరి ఆపేసింది. ఇప్పుడు రెండోసారి వస్తుందా?

వచ్చింది.

లోర్కన్, అనుకుంది. అర్థంలేని మాటే. ఆయన్ని పడుకోబెట్టింది ఇక్కడికి ఎంతో దూరంలో, వాన నీళ్ళు నిలిచే మట్టిలో. కానీ భయానికి దూరాలు తెలుసా?  తలుపుకి వీపు అంటించి, జేబులో తాళంచెవిని అరచేయి కోసుకునేలా పట్టుకుంది. చప్పుడు మళ్ళీ, కాసేపు ఆగి మళ్ళీ. బయట గాలి విసిరినప్పుడల్లా. రెక్కల సందులోంచి ఆమె మెడ మీదుగా గాలి కిందికి దిగినప్పుడల్లా.

గాలి విసిరినప్పుడల్లా.

కాగితం. ఆ ఎర్ర చాక్లెట్ కాగితం.

భయం పోయిందనుకోకండి. పోలేదు. కాకపోతే దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది, కోపం. ఎవరి ఇంట్లోనైనా మంచం మీద పడుకున్న మనిషి గుండెల మీద చెత్త పడేసి పోతారా? ఆవిడ తీసుకోగలదా? దులుపుకోగలదా? ఎవరూ లేరని కదా. ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు లేరని. మళ్ళీ చప్పుడైంది. ఆ చప్పుడు ఆవిడే అడుగుతున్నట్టుంది. ఇమెల్డా తన నోటి మాట తనే విన్నది: "వస్తున్నా, వస్తున్నానమ్మా, ఆగు."

కాళ్ళతో మెట్లు తడుముతూ దిగింది. కటకటాలు తగిలాయి, చల్లటి ఇనుము. బల్ల అంచు తగిలింది. ఇటువైపున్నది పొడుగాయన, ఆవిడ అవతల. కాగితం తియ్యాలంటే ఆయన మీదుగా చెయ్యి చాపాలి. చాపింది. కోటు చేతి అంచు ఏదో గరుకైనదానికి రాసుకుంది. పళ్ళు గట్టిగా బిగించింది. ఇంకా చాపింది. వేళ్ళకి ముందు దుమ్ము తగిలింది, మెత్తగా పిండిలా. తర్వాత జిగురు కాగితం. పట్టుకుంది. వెనక్కి లాగబోతే నడుం పట్టు తప్పి, చెయ్యి కిందకి వాలింది. వాలి, ఆవిడ అరచేతిలో పడింది.

ఇమెల్డా కదల్లేదు. కదిలే శక్తి లేదు. ఇక ఏదైనా జరగాలి కదా, అనుకుని ఎదురుచూసింది.

ఏమీ జరగలేదు.

ఆ చెయ్యి చల్లగా లేదు. అదే ఆమెకి ముందు తెలిసింది. పనిచేసి వచ్చి పొయ్యి పక్కన ఆరేసిన తోలు పట్టీలా ఉంది, పొడిగా, తేలిగ్గా. బొటనవేలి కింద గట్టిగా ఓ ముద్ద ఉంది. రొట్టెపిండి పిసికి పిసికి తన చేతికీ అక్కడే ఉంది ఆ ముద్ద. ఆవిడ ఎవరో ఏమో. ఎవరింట్లోనో వేళకి లేచి పిండి కలిపిన మనిషి. ఆవిడ్ని పడుకోబెట్టినప్పుడు ఎవరో కూర్చునే ఉంటారు, ఎవరో ఆ చేతిని తాకే ఉంటారు. ఆ తాకినవాళ్ళూ పోయారు, ఇప్పుడు ఈ చేతికి మిగిలింది చాక్లెట్ కాగితం.

"తీసేశానమ్మా," అంది ఇమెల్డా. "నువ్వు పడుకో."

చెయ్యి మాత్రం తియ్యలేదు. రెండో చేత్తో జపమాల బయటికి తీసి, మా ఇళ్ళల్లో కూర్చున్నట్టే ఆవిడ కోసం మొదలుపెట్టింది. సగం దాకా చెప్పింది. సగంలో ఆ నోట ఇంకో మాట వచ్చేసింది, "లోర్కన్, ఆ రోజు కెటిల్ మోగలేదు. ఊరికే అన్నాను." అప్పుడు వచ్చింది ఏడుపు, నెల రోజులుగా ఎక్కడ దాక్కుందో. చీకట్లో ఎవరూ చూడని ఏడుపు, ముక్కు కారి, గొంతు బొంగురుపోయి.

పైన అట్రాక్టా, చర్చికి ఎదురుగా ఉన్న టీ అంగట్లో ఇద్దరికీ టీ చెప్పి కూర్చుంది. తన టీ తాగింది. ఎదుటి కప్పు చల్లారింది. అలిగి వెళ్ళిందిలే అనుకుని ముందు కోపం తెచ్చుకుంది. తర్వాత కిటికీలోంచి నది కనిపించింది. పొద్దున్న తనన్న మాట గుర్తొచ్చింది. ఏం చేసుకుందోనని భయమేసి నది ఒడ్డూ చర్చీ అంతా గాలించింది. మలాకీని సూప్ ముందు నుంచి రెక్క పట్టుకుని లేపింది. "తాళం తియ్యి. పైన ఎక్కడా లేదు, ఇక మిగిలింది కిందే."

తలుపు ఎత్తగానే స్విచ్చి దాకా కూడా ఆగకుండా అట్రాక్టా మెట్లు దిగింది. మెట్ల మీంచి పడే బూడిదరంగు వెలుగులో గది చివర ఒక ఆకారం కనపడింది. బూజు జుట్టంతా కప్పి, దుమ్ము కొట్టుకుని, పెట్టె మీదికి వంగి, ఒక చేతిని పట్టుకుని ఉంది. ఆ ఆకారం తల ఎత్తింది.

అట్రాక్టా పెట్టిన కేక పై వీధిలోవాళ్ళకి కూడా వినపడిందట. "లేచిందిరా దేవుడా!" అని వెనక్కి పడి, వెనకాలే వస్తున్న మలాకీ ఒళ్ళో కూలబడింది.

"నేను వదినా. నేనే."

దీపాలు వెలిగాయి. అట్రాక్టా మొహం సుద్దలా ఉంది. లేపుదామని ఇమెల్డా చెయ్యి చాపింది.

"ముట్టుకోకు! ఆ చేత్తో నన్ను ముట్టుకోకు!"

మలాకీ ముక్కు తుడుచుకున్నాడు. "మీరూ తాకారుగా అమ్మా పొద్దున్న. అందరికన్నా ముందు మీరేగా."

 అట్రాక్టా ఒళ్ళో ఉన్న తన చేతుల వైపు చూసుకుంది. ఇమెల్డా కూడా అటే చూసింది. నల్లతోలు గ్లౌజులు, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టి ఉన్నవి.

టీ అంగట్లో మలాకీ తన డబ్బులతో ఇద్దరికీ వేడి టీ తెప్పించి, ఈ సంగతి పైవాళ్ళకి చెప్పొద్దని బతిమాలి వెళ్ళాడు.  ఇమెల్డా జుట్టులోంచి బూజు తీసి సాసర్‌లో పెట్టింది. తర్వాత చెప్పేసింది, తల ఎత్తకుండా.

"నేను లోర్కన్‌ని తాకలేదు వదినా. ప్రేమ లేక కాదు. చల్లగా ఉంటాడని భయమేసింది. ఆ చల్లదనం ఒక్కటే గుర్తుండిపోతుందేమోనని. అందుకే టీ పెట్టుకుంటూ తిరిగాను. ఇక మీరేమన్నా పడతాను."

అట్రాక్టా చెంచాతో టీ తిప్పింది. చక్కెర వెయ్యలేదు, ఊరికే తిప్పుతూనే ఉంది.

"ఈ గ్లౌజులు నేను కొన్నది జాగారానికి బయల్దేరిన రోజు పొద్దున్న," అంది చివరికి. "బస్సెక్కబోయే ముందు. కుర్రాడిగా ఉన్నప్పుడు రోజూ వాడి మొహం కడిగింది నేను. అందరూ చూస్తుండగా చెయ్యి వేశాను వాడి చేతి మీద, తలొంచి ప్రార్థన చెప్పాను. గ్లౌజుతో." ఆమె చెంచా పక్కన పెట్టింది. "రాత్రి రేడియోలో ఆ సముద్రం మీద గాలులు వినకపోతే వాడి దగ్గు వినపడుతుందే నాకు. నిన్ను నాతో తెచ్చుకున్నది నీ కోసమనుకున్నావా? ఇంట్లో ఇంకో మనిషి ఊపిరుంటుందని."

ఇమెల్డా కప్పుని ఆమె ముందుకి జరిపింది.

"పొద్దున్న నిన్నన్నది..."

"టీ తాగండి వదినా. చల్లారిపోతోంది."

శనివారం బస్సులో వచ్చారు ఇద్దరూ. ఆ రాత్రికి నా దగ్గరే పడుకున్నారు. ఆదివారం పూజ అయ్యాక ఫాదర్‌తో కలిసి మేమంతా ఆ ఇంటికి వెళ్ళాం. అందరం గుమ్మంలో బురద బూట్లు దులుపుకుంటూ, ఆ ముందుగది తలుపు వైపు చూడనట్టు చూస్తున్నాం. ఊళ్ళో అందరికీ తెలుసు అది తెరవలేదని.

ఇమెల్డా జేబులోంచి తాళంచెవి తీసింది. నేను పక్కనే ఉన్నాను, అది తాళం చుట్టూ గీరుకోవడం విన్నాను. తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి మూసిపెట్టిన చలి వచ్చింది. కుర్చీలు రెండు ఎదురెదురుగా, పెట్టె పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. గోడకి మంచం. లోర్కన్ చివరి రోజుల్లో అక్కడే పడుకునేవాడు. లేచేటప్పుడు పట్టుకుని పట్టుకుని మంచం కోడు పైభాగం ఒకచోట నున్నగా మెరుస్తోంది.

ఇమెల్డా లోపలికి వెళ్ళింది. అట్రాక్టా గడప దగ్గర ఆగిపోయింది. మేమంతా చూస్తుండగా ఇమెల్డా వెనక్కి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, మణికట్టు బొత్తాం విప్పి, చిన్నపిల్లకి తీసినట్టు ఒక్కో వేలూ లాగుతూ ఆ గ్లౌజు తీసింది. తర్వాత రెండోది. తీసి తన జేబులో, తాళంచెవి ఉన్న చోట వేసుకుంది. ఇద్దరూ కలిసి వెళ్ళి, ఆ నున్నటి కొయ్య మీద చేతులు పెట్టారు.

"చల్లగానే ఉందే," అంది అట్రాక్టా, చిన్నగా.

"ఉండనివ్వండి," అంది ఇమెల్డా.

అట్లా నిలబడ్డారు. మేం తలలు దించుకున్నాం. ఫాదర్ కొవ్వొత్తి తనే వెలిగించుకున్నాడు. అప్పుడు వంటింట్లో కెటిల్ మోగడం మొదలుపెట్టింది. ఈసారి నిజంగానే. అలవాటుకొద్దీ అందరం ఇమెల్డా వైపు చూశాం.

ఆమె కుర్చీ లాక్కుని, ఆ మంచం పక్కన కూర్చుంది. కెటిల్ గోల చేస్తూనే ఉంది. ఆమె లేవలేదు.

లేచి వెళ్ళింది అట్రాక్టా, వట్టి చేతులతో. ఆమె పెట్టిన టీ అంత ఘోరమైన టీ నేను పుట్టి బుద్ధెరిగాక తాగలేదు. ఇద్దరు ముగ్గురు రెండో కప్పు అడిగి మరీ తాగారు.

ఇమెల్డా కోళ్ళని మర్నాడే తీసుకెళ్ళిపోయింది, కిటికీలోంచి ఆమె పొగ మళ్ళీ కనపడింది. గడియ ఇప్పటికీ గాలికి కదులుతుందట. కదలనీ అంటుంది. ఇక మీరు లేవండి, పొయ్యి ఆరిపోతోంది. నాకొక్కటి చెయ్యండి: ఎప్పుడైనా ఆ మాళిగలు చూడ్డానికి వెళితే, పొడుగాయన పక్కన పడుకున్న ఆ చిన్నావిడ మీద ఏమైనా చెత్త పడి ఉందేమో చూసి తియ్యండి. ఎవరైనా ఏంటని అడిగితే, ఇమెల్డా సంగతి మొదటి నుంచీ చివరిదాకా చెప్పండి, నా పేరు మరిచిపోయినా సరే, ఆమె పేరు మాత్రం వదలకండి.